మస్ట్, హ్యావ్ టు, షుడ్, నీడ్ టు: ఏది ఎక్కడ వాడాలి?

తెల్లకాగితం

అందరికీ నమస్కారం. మా టీమ్ తరఫున క్లయింట్లకు వెళ్లే మెయిళ్లు ఎక్కువగా నేనే రాస్తుంటాను. ఈ మధ్య ఒక డ్రాఫ్ట్‌లో "యూ మస్ట్ సెండ్ ద సైన్డ్ కాపీ బై ఫ్రైడే" అని ఉంటే, మా మేనేజర్ మస్ట్ కొట్టేసి "యూ విల్ నీడ్ టు సెండ్" అని మార్చారు. తేడా ఏంటని అడిగితే, "అర్థంలో పెద్ద తేడా లేదు, కానీ క్లయింట్‌కి అలా రాయం" అన్నారు. అదే రోజు టెక్నికల్ టీమ్ పంపిన డాక్యుమెంట్‌లో పేజీ నిండా మస్ట్‌లే ఉన్నాయి. వాటి జోలికి ఎవరూ వెళ్లలేదు.

గ్రామర్ పుస్తకాల్లో చూస్తే మస్ట్ బలమైనది, షుడ్ కాస్త మెత్తనిది అని వరసగా పేర్చి వదిలేస్తున్నారు. మనం "పంపాలి" అని ఒక్క మాటతో సరిపెట్టే చోట వాళ్లకు మస్ట్, హ్యావ్ టు, హ్యావ్ గాట్ టు, నీడ్ టు, షుడ్, ఆట్ టు, సపోజ్డ్ టు, హ్యాడ్ బెటర్ అని ఇన్ని ఎందుకు? మీరు దేన్ని బట్టి ఎంచుకుంటారు? పుస్తకంలో ఉన్న రూల్ కాకుండా, మీరు నిజంగా వాడే పద్ధతి చెప్పండి.

వానచినుకు

బలం లెక్కన చూస్తే ఎప్పటికీ తేలదండీ. ఆ పని చేయాలని అంటున్నది ఎవరో చూడండి. నేనే అంటున్నానా, రూల్ అంటోందా, పరిస్థితి అలా వచ్చిందా, నలుగురూ అలా ఆశిస్తున్నారా? దాన్ని బట్టే ఇంగ్లీషులో మాట మారుతుంది.

పాతపుస్తకం

వానచినుకు గారు చెప్పినదాన్నే విడమరిచి చెబుతాను. ఇంగ్లీషు పాఠం చెప్పినన్నాళ్లూ నాకు బాగా ఇష్టమైన అధ్యాయం ఇది.

"ఐ మస్ట్ కాల్ మై మదర్" అన్నప్పుడు ఆ తొందర నా లోపల్నుంచి వచ్చింది. అమ్మతో మాట్లాడి చాలా రోజులైంది, ఫోన్ చేయాలి అని నాకే అనిపించింది. "ఐ హ్యావ్ టు కాల్ మై మదర్" అంటే బయట ఏదో కారణం ఉంది. ఫోన్ చేయమని ఆవిడ మెసేజ్ పెట్టి ఉండొచ్చు, ఏదో కాగితం మీద ఆవిడ అంగీకారం కావాల్సి ఉండొచ్చు.

"ఐ" పోయి "యూ" వస్తే తేడా ఇంకా బయటపడుతుంది. తల్లి పిల్లాడితో "యూ మస్ట్ ఫినిష్ యువర్ హోంవర్క్" అంటుంది. ఆ పిల్లాడే స్నేహితుడితో "ఐ హ్యావ్ టు ఫినిష్ మై హోంవర్క్" అంటాడు. పని ఒకటే. చేయమని చెప్పేవాళ్ల నోట మస్ట్ వచ్చింది, చేయక తప్పనివాడి నోట హ్యావ్ టు వచ్చింది.

మీ మేనేజర్‌కి ఇబ్బందిగా తోచింది ఇదే. క్లయింట్‌కి "యూ మస్ట్" అని రాస్తే ఆజ్ఞ మీరిస్తున్నట్టు ఉంటుంది. "యూ విల్ నీడ్ టు" అంటే పని ముందుకు కదలాలంటే అది అవసరం అని మాత్రమే. అందులో ఎవరూ ఎవర్నీ శాసించడం లేదు.

షుడ్, ఆట్ టు రెండూ "చేస్తే మంచిది, చేయడం సబబు" అనే వైపువి. ఆట్ టు ఇప్పుడు మాటల్లో బాగా తగ్గింది, ప్రశ్నల్లో అయితే దాదాపు వినపడదు. దాని పుట్టుక మాత్రం ఆసక్తికరం. అప్పు పడి ఉండటం అనే అర్థమున్న "ఓ" అనే క్రియకు అది పాత భూతకాల రూపం. షల్‌కి కూడా పాత ఇంగ్లీషులో బాకీ ఉండటం అనే అర్థం ఉండేది, షుడ్ దానికి భూతకాలం. మస్ట్ కూడా అంతే, ఇప్పుడు వాడుకలో లేని ఒక పాత క్రియకు భూతకాల రూపం. ఆ రూపమే వర్తమానంగా స్థిరపడిపోయింది. అందుకే మస్ట్‌కి ఇవాళ సొంత భూతకాలం లేదు, నిన్నటి సంగతి చెప్పాలంటే హ్యాడ్ టు అరువు తెచ్చుకోవాలి. భవిష్యత్తుకైనా అంతే, "విల్ మస్ట్" అనలేం, "విల్ హ్యావ్ టు" అనాల్సిందే.

చిట్టెలుక

మాస్టారూ, గౌరవంతోనే ఒక మాట. లోపల, బయట అనే గీత పుస్తకాల్లో ఉన్నంత తేటగా మాటల్లో ఉండదు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు "ఐ రియల్లీ హ్యావ్ టు స్లీప్ ఎర్లియర్" అని సొంత నిర్ణయాల గురించి కూడా హాయిగా అంటారు. అందులో బయటి ఒత్తిడి ఏముంది? ఇంకోవైపు "ఆల్ విజిటర్స్ మస్ట్ సైన్ ఇన్" అని బోర్డు ఉంటుంది. రూల్ బయటిదే కదా, మరి అక్కడ హ్యావ్ టు ఎందుకు రాలేదు?

అసలు విషయం, మస్ట్ వాడకమే తగ్గిపోతోంది. జెఫ్రీ లీచ్, ఆయనతో పనిచేసిన భాషావేత్తలు 1961 నాటి అచ్చు ఇంగ్లీషునీ, 1990ల మొదట్లోని అచ్చు ఇంగ్లీషునీ పక్కపక్కన పెట్టి లెక్కలు తీశారు. లెక్క కోసం పోగుచేసిన రచనల సంచయం ఒక్కోదానిలో సుమారు పది లక్షల పదాలు, బ్రిటిష్‌కి విడిగా, అమెరికన్‌కి విడిగా. ఆ ముప్పై ఏళ్లలో రెండు దేశాల్లోనూ మస్ట్ గట్టిగా పడిపోయింది. షల్, ఆట్ టు కూడా పడిపోయాయి. నీడ్ టు మాత్రం బాగా పెరిగింది. అచ్చులోనే ఇలా ఉంటే నోటిమాట సంగతి చెప్పక్కర్లేదు.

నా ఉద్దేశంలో దీనికి కారణం, ఎదుటివాణ్ణి శాసిస్తున్నట్టు వినపడటం ఇప్పుడెవరికీ ఇష్టం లేదు. "యూ నీడ్ టు" అంటే అది నీ అవసరమే సుమా అన్నట్టు ఉంటుంది. చెప్పేది ఆజ్ఞే అయినా వినేవాళ్లకు గుచ్చుకోదు. తెల్లకాగితం గారి మేనేజర్ చేసిన మార్పు ఈ పెద్ద మార్పులో ఒక భాగం.

పాతపుస్తకం

బోర్డు సంగతి మంచి పట్టు. నేను దాన్నిలా చూస్తాను. బోర్డు పెట్టిన సంస్థే అక్కడ మాట్లాడుతోంది, ఆజ్ఞ దానిదే, అందుకే మస్ట్. ఆ బోర్డు చదివి మీరు పక్కనున్నవాళ్లకి చెప్పేటప్పుడు "వి హ్యావ్ టు సైన్ ఇన్" అంటారు. మీ సొంత నిర్ణయాలకు హ్యావ్ టు చెల్లుతుందన్న మాట మాత్రం నిజం. అంటే హ్యావ్ టు ఎక్కడైనా నడుస్తుంది, మస్ట్ చోటు చూసుకుని వాడాలి.

వానచినుకు

అయితే సందేహం వస్తే హ్యావ్ టు వాడేస్తే సరి. అంతేనా మాస్టారూ?

పాతపుస్తకం

"చేయాలి" అనే వాక్యంలో అంతే. కాదు, లేదు అనే వాక్యాల్లోకి వస్తే మాత్రం అంత సులువు కాదు. ఒకటి బదులు ఇంకొకటి పెడితే అర్థమే తలకిందులవుతుంది.

నల్లబల్ల

మాస్టారు ఆపిన చోట అందుకుంటాను. నేను పెద్దవాళ్లకు స్పోకెన్ ఇంగ్లీష్ నేర్పుతాను. నా క్లాసుల్లో ఎక్కువ సమయం తీసుకునేది ఈ నెగటివ్ భాగమే.

చాలామంది "తెలుగులో ఒక్క 'చేయాలి' ఉంది, ఇంగ్లీషులో ఎనిమిది ఉన్నాయి, మనకు కష్టం" అనుకుంటారు. "చేయాలి" వరకూ అది నిజమే. దాన్నే కాదనేలా మార్చి చూడండి. మనకు వెంటనే రెండు వస్తాయి: "చేయకూడదు", "చేయనక్కర్లేదు". "తలుపు వేయకూడదు" అన్నా, "తలుపు వేయక్కర్లేదు" అన్నా ఒకటేనని చిన్నపిల్లలు కూడా అనరు. ఇంగ్లీషు కూడా సరిగ్గా ఇక్కడే చీలుతుంది. మస్ట్ నాట్ అంటే కూడదు. డోంట్ హ్యావ్ టు అంటే అక్కర్లేదు. ఇప్పటిదాకా పక్కపక్కన నడిచిన రెండు మాటలు ఇక్కడికొచ్చేసరికి చెరో దారి పడతాయి.

ఎందుకంటే, "మస్ట్ నాట్ గో" లో నాట్ పోయి గో కి అంటుకుంటుంది: "వెళ్లకుండా ఉండాలి". "డోంట్ హ్యావ్ టు గో" లో "డోంట్" అన్నది "హ్యావ్ టు" ని పట్టుకుంటుంది: "వెళ్లాలని ఏమీ లేదు". ఈ రెండు తెలుగు వాక్యాలూ పైకి చదువుకుంటే ఇక ఏ పట్టికా బట్టీ పట్టనవసరం లేదు.

ఇది తిరగబడితే ఏమవుతుందో ఒక ఉదాహరణ. మందు గురించి చెప్పేటప్పుడు "యూ డోంట్ హ్యావ్ టు టేక్ దిస్ విత్ ఫుడ్" అంటే భోజనంతో పాటే వేసుకోవాలని లేదు, ఎలా వేసుకున్నా ఫర్వాలేదు. "యూ మస్ట్ నాట్ టేక్ దిస్ విత్ ఫుడ్" అంటే భోజనంతో వేసుకోనే కూడదు. ఆఫీసులో అయితే "యూ డోంట్ హ్యావ్ టు కాపీ ద క్లయింట్" అన్న వాక్యం చూసి "క్లయింట్‌ని కాపీలో పెట్టొద్దు" అని అర్థం చేసుకునేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఆ మెయిల్ రాసినవాళ్లు పెట్టొద్దని చెప్పలేదు, పెట్టడం మీ ఇష్టమన్నారు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. షుడ్ నాట్ కూడదు వైపుదే, సలహా స్వరంలో. నీడ్ నాట్, డోంట్ నీడ్ టు రెండూ అక్కర్లేదు వైపువి. నీడ్ నాట్ అన్నప్పుడు హీ వచ్చినా షీ వచ్చినా ఎస్ చేరదు, "హీ నీడ్ నాట్ కమ్" అంతే. వెనక టు కూడా రాదు. ఈ రకం నీడ్ కాదనేటప్పుడు, ప్రశ్నించేటప్పుడు మాత్రమే పనిచేస్తుంది. "హీ నీడ్ కమ్" అని మామూలు వాక్యం చేయలేం, "హీ నీడ్స్ టు కమ్" అనాల్సిందే.

ఇంకో మాట. రోజువారీ సంభాషణలో మస్ట్ నాట్ కూడా కాస్త బిగుసుకున్నట్టే ఉంటుంది. "యూ కాంట్ పార్క్ హియర్" అనో, "యూ ఆర్ నాట్ అలవ్డ్ టు పార్క్ హియర్" అనో అంటారు. ఇక్కడ కాంట్ అంటే చేతకాదని కాదు, కుదరదని.

తెల్లకాగితం

"వెళ్లకుండా ఉండాలి", "వెళ్లాలని ఏమీ లేదు". ఇది ఇంత సూటిగా ఎక్కడా చదవలేదు నల్లబల్ల గారూ, చాలా థ్యాంక్స్. ప్రశ్నల్లో ఎలా? "మస్ట్ ఐ సైన్?" అనొచ్చా, "డు ఐ హ్యావ్ టు సైన్?" అనాలా?

నల్లబల్ల

రెండోదే. "మస్ట్ ఐ" తప్పు కాదు కానీ, మాటల్లో వాడితే చేయడం ఇష్టం లేక విసుక్కుంటున్నట్టు వినపడే అవకాశం ఉంది. "మస్ట్ యూ మేక్ దట్ నాయిస్?" అంటే "ఆ చప్పుడు చేయకపోతే కుదరదా?" అని కోప్పడటమే. "డు యూ మస్ట్" అనేది మాత్రం అసలు లేదు, మస్ట్ ముందు డు రాదు.

రాత్రిబండి

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. మనం తెలుగులో "మస్ట్ అండ్ షుడ్‌గా రావాలి" అంటాం కదా. దాన్నే ఇంటర్వ్యూలో "యూ మస్ట్ అండ్ షుడ్ నో దిస్ టూల్" అని అడిగారు. అది ఇంగ్లీషేనా?

చిట్టెలుక

తెలుగు మాటల్లో అది బాగా ఇమిడిపోయింది, నేనూ వాడతాను. నొక్కి చెప్పడానికి మనం కట్టుకున్న జంట అది, "గా" చేర్చి మన వ్యాకరణంలోకి తెచ్చేసుకున్నాం. ఇంగ్లీషు వాక్యంలో మాత్రం మన వైపు వాళ్లు కానివాళ్లకు వింతగా ఉంటుంది. ఒకటి తప్పనిసరి, ఇంకొకటి చేస్తే మంచిది, రెండూ కలిపితే ఏమనుకోవాలో తెలియదు. "యూ అబ్సొల్యూట్‌లీ హ్యావ్ టు నో దిస్ టూల్" అంటే ఆ నొక్కు వచ్చేస్తుంది. "కంపల్సరీగా" కూడా అలాంటిదే. "కంపల్సరీ యూ హ్యావ్ టు కమ్" అనకుండా "అటెండెన్స్ ఈజ్ మ్యాండేటరీ" అనండి.

కోడ్‌గూడు

తెల్లకాగితం గారు మొదట్లో టెక్నికల్ డాక్యుమెంట్ మస్ట్‌ల గురించి అడిగారు, ఎవరూ ముట్టుకోలేదు. అది నా రంగం.

సాఫ్ట్‌వేర్, నెట్‌వర్క్ పత్రాల్లో ఈ మాటలకు ఒప్పందం ప్రకారం స్థిరమైన అర్థాలుంటాయి. ఇంటర్నెట్ ప్రమాణాలు తయారుచేసే ఐఈటీఎఫ్ 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2119 అని ఒక చిన్న పత్రం వెలువరించింది. మస్ట్, రిక్వయిర్డ్, షల్ ఈ మూడూ అందులో ఒకటే: కచ్చితంగా చేయాల్సినవి, మినహాయింపు లేదు. షుడ్ అంటే ప్రత్యేక పరిస్థితుల్లో పక్కన పెట్టడానికి సరైన కారణాలు ఉండొచ్చు, కానీ దాని పర్యవసానాలన్నీ పూర్తిగా తెలుసుకుని, తూచి చూశాకే పెట్టాలి. మే అంటే పూర్తిగా ఐచ్ఛికం. 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8174 వచ్చి, ఈ ప్రత్యేక అర్థాలు మొత్తం పెద్ద అక్షరాల్లో రాసినప్పుడే వర్తిస్తాయని తేల్చింది. చిన్న అక్షరాల్లో ఉంటే మామూలు ఇంగ్లీషే.

దీని వల్ల ఒరిగేదేంటంటే, ఇద్దరు తయారీదారులు రాసిన ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. ఒకడు "షుడ్ కదా, వదిలేద్దాం" అనుకుని, ఇంకొకడు "ఎలాగూ పంపుతాడు" అనుకుంటే కనెక్షన్ తెగిపోతుంది. అక్కడ మర్యాద ప్రశ్నే రాదు. అందుకే ఆ మస్ట్‌లను ఎవరూ మెత్తబరచరు, మెత్తబరచకూడదు కూడా.

అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ పత్రాల్లో మాత్రం ఇంకో సంప్రదాయం. తప్పనిసరి అనడానికి అక్కడ షల్ వాడతారు, సిఫారసుకు షుడ్. షల్ బదులు మస్ట్ వాడొద్దని వాళ్ల రచనా నియమాలే చెబుతాయి. కాబట్టి ఏ పత్రం చదువుతున్నా, పదాల నిర్వచనాలు ముందు పేజీల్లో ఉన్నాయేమో చూసుకోవాలి.

దస్తావేజు

షల్ పేరు వచ్చింది కాబట్టి చట్టం వైపు నుంచి ఒక మాట. ఒప్పందాల్లో, చట్టాల్లో తరాలుగా రాజ్యమేలింది షల్. దానితో చిక్కేమిటంటే, ఒకే పత్రంలో అది ఒకచోట "చేసి తీరాలి" అనీ, ఇంకోచోట "చేయొచ్చు" అనీ, మరోచోట ఉత్త భవిష్యత్తుగానూ నడిచిపోతుంది. దాని మీద వాదనలు కోర్టుల దాకా వెళ్లాయి. అమెరికాలో ఫెడరల్ కోర్టుల్లో సివిల్ కేసులు ఎలా నడవాలో చెప్పే ఫెడరల్ సివిల్ ప్రొసీజర్ నియమాలను 2007లో తేట భాషలోకి తిరగరాసినప్పుడు షల్ తీసేసి, చోటును బట్టి మస్ట్, మే, షుడ్ పెట్టారు. 2010లో వచ్చిన ప్లెయిన్ రైటింగ్ యాక్ట్ తర్వాత ప్రభుత్వ సంస్థలకు ఇచ్చే సూచనల్లో కూడా బాధ్యత చెప్పాలంటే మస్ట్ రాయమనే ఉంటుంది.

ఇందులో నాకు బాగా నచ్చే ఘట్టం ఒకటుంది. విచారణ దాకా వెళ్లకుండానే కేసు తేల్చే సమ్మరీ జడ్జిమెంట్ గురించి చెప్పేది 56వ నియమం. అర్హత ఉంటే కోర్టు ఆ తీర్పు ఇవ్వాలి అనే చోట 2007కి ముందు షల్ ఉండేది. 2007లో దాన్ని షుడ్ చేశారు. అయితే షుడ్ అంటే జడ్జి ఇష్టానికి వదిలినట్టు అవుతుందేమో, మస్ట్ అంటే చేతులు కట్టేసినట్టు అవుతుందేమో అని చర్చ నడిచింది. చివరికి 2010 సవరణలో మళ్లీ షల్ తెచ్చిపెట్టారు. అప్పటిదాకా ఆ మాట మీద కోర్టులు చెప్పిన అర్థం చెదరకూడదన్నది వాళ్ల ఉద్దేశం. ఒక్క సహాయక క్రియ కోసం అంతమంది న్యాయనిపుణులు అంతసేపు కూర్చోవడం నాకు చాలా గౌరవంగా అనిపిస్తుంది.

వానచినుకు

దస్తావేజు గారూ, ఇది అద్భుతం. ఇన్నాళ్లూ షల్ పాతబడ్డ మాట, అంతే అనుకునేవాళ్లం.

సాయంకాలం

జరిగిపోయిన వాటి సంగతి కూడా ఎవరైనా చెప్పండి. మా తమ్ముడు పరీక్షకు చదువుతున్నాడు. "నిన్న వెళ్లాల్సింది" అన్నదానికి "ఐ మస్ట్ హ్యావ్ గాన్" అని రాస్తే కొట్టేశారట. మస్ట్‌కి భూతకాలం మస్ట్ హ్యావ్ కాదా?

నల్లబల్ల

కాదు. ఇక్కడ కూడా తెలుగునే పట్టుకుందాం, మనకు విడివిడిగా మాటలున్నాయి.

"వెళ్లాల్సి వచ్చింది" అంటే వెళ్లాను, తప్పలేదు. అది "ఐ హ్యాడ్ టు గో".

"వెళ్లాల్సింది" అంటే వెళ్లలేదు, వెళ్లి ఉంటే బాగుండేది. అది "ఐ షుడ్ హ్యావ్ గాన్". మీ తమ్ముడికి కావాల్సింది ఇదే.

"వెళ్లి ఉండాలి", అంటే ఇంట్లో లేడు, బండి లేదు, కాబట్టి వెళ్లే ఉంటాడు అనే ఊహ. అది "హీ మస్ట్ హ్యావ్ గాన్". ఇందులో బాధ్యత ఛాయే లేదు. మన "ఉండాలి" లో కూడా ఇక్కడ బాధ్యత లేదు చూడండి. చేయాలి అనే మాటతోనే ఊహనూ చెప్పడం రెండు భాషల్లోనూ ఉంది. ఈ ఊహను కాదనాలంటే "హీ కాంట్ హ్యావ్ గాన్" అంటారు, "వెళ్లి ఉండడు".

"వెళ్లకుండా ఉండాల్సింది" అంటే వెళ్లాను, తప్పయింది: "ఐ షుడ్ నాట్ హ్యావ్ గాన్". ఈ షుడ్ హ్యావ్‌తో ఒక సౌకర్యం ఉంది. అది వినగానే అసలు జరిగింది దానికి సరిగ్గా వ్యతిరేకమని తెలిసిపోతుంది.

అక్కర్లేని పని చేసేశాక "ఐ నీడ్ నాట్ హ్యావ్ కమ్" అంటారు: అనవసరంగా వచ్చాను. "ఐ డిడ్‌నాట్ నీడ్ టు కమ్" అంటే రావాల్సిన అవసరం లేకపోయింది అని మాత్రమే, వచ్చానో లేదో మిగతా మాటల్ని బట్టి తెలియాలి. బ్రిటిష్ పద్ధతి పరీక్షల్లో ఈ తేడా అడుగుతారు. అమెరికన్ల నోట మొదటిది అరుదు.

సాయంకాలం

మరి "వాజ్ సపోజ్డ్ టు"? "ఐ వాజ్ సపోజ్డ్ టు గో" కూడా వెళ్లలేదనే కదా?

చిట్టెలుక

అవును, కానీ అందులో తప్పు ఎవరిదో చెప్పడం లేదు. సపోజ్డ్ టు అంటే ఏర్పాటు, ఇతరుల అంచనా. "ద బస్ వాజ్ సపోజ్డ్ టు కమ్ ఎట్ సిక్స్" అంటే ఆరింటికి రావాల్సి ఉంది, రాలేదు. "ఐ షుడ్ హ్యావ్ గాన్" అంటే నాలో పశ్చాత్తాపం ఉంది. "ఐ వాజ్ సపోజ్డ్ టు గో" అంటే ప్రోగ్రామ్ అలా ఉంది, ఏదో అడ్డం పడింది. మీటింగ్‌లో జవాబు చెప్పేటప్పుడు ఈ తేడా చాలా పనికొస్తుంది.

వర్తమానంలో దీనికి ఇంకో వాడుక ఉంది. "యూ ఆర్ నాట్ సపోజ్డ్ టు స్మోక్ హియర్" అంటే రూల్ ప్రకారం తాగకూడదు, చాలామంది తాగుతూనే ఉండొచ్చు. మస్ట్ నాట్‌లో ఆ సందు ఉండదు.

హ్యాడ్ బెటర్ గురించి కూడా చెప్పేస్తాను, ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి. హ్యాడ్ ఉన్నా అది గతం కాదు, ఇప్పటికో కాసేపట్లోకో సంబంధించినది. "యూ హ్యాడ్ బెటర్ లీవ్ నౌ": ఇప్పుడే బయల్దేరు, లేకపోతే ఇబ్బంది పడతావ్. ఆ "లేకపోతే" అందులో ఎప్పుడూ దాగి ఉంటుంది. బెటర్ అని వినపడుతోంది కదా, మెత్తని సలహా అనుకుని మేనేజర్‌కో క్లయింట్‌కో రాశారంటే బెదిరింపులా చదువుకుంటారు. తమ్ముడికో స్నేహితుడికో చెప్పండి, పైవాళ్లకు వద్దు. వెనక టు రాదు, కాదనాలంటే "హ్యాడ్ బెటర్ నాట్".

రాత్రిబండి

సినిమాలు సబ్‌టైటిల్స్ లేకుండా చూస్తే ఇవేవీ నాకు వినపడవు. హ్యాడ్ బెటర్‌లో హ్యాడ్ ఎప్పుడూ వినలేదు.

పాతపుస్తకం

వినపడకపోవడం సహజమే, ఎందుకంటే అది దాదాపు పలకరు. "యూడ్ బెటర్" అంటారు, త్వరగా మాట్లాడితే ఆ డ్ కూడా మింగేస్తారు. "హ్యావ్ టు" అంటే నోట్లో "హ్యాఫ్టు" అవుతుంది, "హ్యాజ్ టు" అంటే "హ్యాస్టు". "మస్ట్ నాట్" కుదించి పలికితే మొదటి ట పోయి "మసంట్" లా ఉంటుంది. "షుడ్ హ్యావ్" అనేది "షుడవ్" అవుతుంది. అది విని ఇంగ్లీషువాళ్లే కొందరు "షుడ్ ఆఫ్" అని రాసేస్తారు, మీరు రాయకండి. "హ్యావ్ గాట్ టు" అన్నది "గాటా" అయి ఆగుతుంది, అది మాటల్లోనే బాగుంటుంది, మెయిల్లో కాదు.

ఈ హ్యాఫ్టు ఉచ్చారణ ఎంత ముఖ్యమంటే, "ద మనీ ఐ హ్యావ్ టు స్పెండ్" అనే మాటలు చూడండి. హ్యాఫ్టు అని కలిపి పలికితే "నేను ఖర్చు పెట్టక తప్పని డబ్బు". హ్యావ్ అని వ స్పష్టంగా పలికి, టు ని విడిగా అంటే "ఖర్చు పెట్టడానికి నా దగ్గరున్న డబ్బు". రాతలో రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి, చెవికి మాత్రమే తెలుస్తుంది. రాత్రిబండి గారూ, సినిమా చూసేటప్పుడు ఒక్క హ్యాఫ్టు కోసమే చెవి పెట్టి చూడండి, అడుగడుగునా దొరుకుతుంది. అది పట్టుబడితే మిగతావి వాటంతట అవే వినపడటం మొదలవుతాయి.

వానచినుకు

ఒక చిన్న విషయం కలుపుతాను. "యూ మస్ట్" ఎప్పుడూ కటువు అనుకోవద్దు. "యూ మస్ట్ కమ్ అండ్ స్టే విత్ అస్", "యూ మస్ట్ రీడ్ దిస్" లాంటి వాటిలో అది ఆప్యాయత. పని వల్ల మేలు వినేవాళ్లకైతే మస్ట్ ప్రేమగా ఉంటుంది, చెప్పేవాళ్లకైతే ఆజ్ఞగా ఉంటుంది. మనం కూడా "మీరు మా ఇంటికి రావాల్సిందే" అని ఎంత గట్టిగా అంటే అంత మర్యాద కదా. అక్కడ "యూ షుడ్ కమ్" అంటే పిలుపు చప్పగా ఉంటుంది.

తెల్లకాగితం

అందరికీ కృతజ్ఞతలు. ఇవన్నీ పక్కన పెట్టుకుని ఆ మెయిల్ మళ్లీ రాశాను. చూసి చెప్పండి.

"యూ విల్ నీడ్ టు సెండ్ ద సైన్డ్ కాపీ బై ఫ్రైడే. యూ డోంట్ హ్యావ్ టు సెండ్ ద ఒరిజినల్ ఎట్ దిస్ స్టేజ్. ప్లీజ్ డు నాట్ ఎడిట్ ద ఫామ్ ఆఫ్టర్ సైనింగ్. వన్స్ వి రిసీవ్ ఇట్, ద పేమెంట్ షుడ్ రీచ్ యూ విదిన్ ఎ వీక్."

మూడో వాక్యంలో "యూ మస్ట్ నాట్ ఎడిట్" అని పెట్టబోయి, ప్లీజ్‌కి మార్చాను.

పాతపుస్తకం

చక్కగా ఉంది. మూడోది మార్చడం మంచి నిర్ణయం. అయితే సంతకం తర్వాత దిద్దితే ఆ ఫామ్ చెల్లదనేది నియమమైతే, ఆ ముక్క కూడా ఒక వాక్యంలో చెప్పండి. కారణం చెబితే మస్ట్ లేకపోయినా వాళ్లు జాగ్రత్త పడతారు.

చిట్టెలుక

నాలుగో వాక్యంలో షుడ్ బాధ్యత కాదు, అంచనా. "వారంలో అందుతుందనుకుంటున్నాం" అని. ఆలస్యమైతే మీరు మాట తప్పినట్టు కాదు. కానీ క్లయింట్ దాన్ని హామీగా చదువుకునే వీలుంది. నిజంగా హామీ ఇవ్వగలిగితే "విల్ రీచ్ యూ" అని రాయండి.

తెల్లకాగితం

హామీ అకౌంట్స్ వాళ్ల చేతిలో ఉంది. వాళ్లని అడిగి, సరే అంటే విల్ పెడతాను.

దస్తావేజు

వాళ్లు సరే అన్నది కూడా మెయిల్లోనే తీసుకోండి. అప్పటిదాకా షుడ్ అలాగే ఉంచండి.